డెవీ సాంట్: ఐదు వందల ఏళ్ల తర్వాత రాసిన జీవితం

మార్చి 1 వస్తే వేల్స్‌లో బడిపిల్లలు పాతకాలపు పొడవాటి టోపీలు, శాలువాలతో తరగతికి వస్తారు. పెద్దలు కోటుకు పసుపు డాఫొడిల్ పువ్వో, ఉల్లికాడలాంటి లీక్ మొక్కో గుచ్చుకుంటారు. నల్లగుడ్డ మీద పసుపు శిలువ ఉన్న జెండాలు ఎగురుతాయి. ఇదంతా డెవీ సాంట్ పేరిట జరిగే వేడుక. ఇంగ్లిష్‌లో ఆయన సెయింట్ డేవిడ్, 6వ శతాబ్దంలో నైరుతి వేల్స్‌లో మఠం నెలకొల్పిన బిషప్. ఇంగ్లండ్‌కు జార్జ్, స్కాట్లండ్‌కు ఆండ్రూ, ఐర్లండ్‌కు పాట్రిక్ పాలక పునీతులు. ఆ ముగ్గురూ ఆయా దేశాల్లో పుట్టినవారు కారు. నలుగురిలో సొంతగడ్డ మీద పుట్టినవాడన్న పేరు డేవిడ్ ఒక్కరికే ఉంది.

ఆయన గురించి ఇప్పుడు ప్రచారంలో ఉన్న కథల్లో చాలావరకు ఒకే పుస్తకం నుంచి వచ్చాయి. ఆ పుస్తకం ఆయన కన్నుమూసిన ఐదు వందల ఏళ్లకు తయారైంది. ఎవరు రాశారు, ఏ సంకటంలో రాశారు, ఎవరిని ఉద్దేశించి రాశారు అన్నది పక్కన పెట్టి చదివితే అందులో కనిపించేవి అద్భుతాలే. అవి పట్టించుకుని చదివితే దాదాపు ప్రతి అద్భుతం వెనుకా ఒక హక్కు వాదన బయటపడుతుంది.

ముందు ఒక అపోహ తీర్చుకోవాలి. డేవిడ్‌ను మిషనరీ అనడం పరిపాటి. మిషనరీ అనగానే తెలుగు పాఠకులకు 1805లో విశాఖపట్నంలో పని మొదలుపెట్టిన లండన్ మిషనరీ సొసైటీ వంటి సంస్థలు గుర్తుకొస్తాయి: పరదేశం నుంచి వచ్చినవారు, కొత్త మతం, కొత్త భాష నేర్చుకోవడం, అనువాదాలు, బడులు. డేవిడ్ కథలో ఇవేవీ లేవు. ఆయన నాటికి వేల్స్ క్రైస్తవానికి కొత్త కాదు. రోమన్ సైన్యం ఉన్న కేర్లియన్‌లో జూలియస్, ఆరన్ అనే ఇద్దరు విశ్వాసం కోసం ప్రాణాలిచ్చారని 6వ శతాబ్దపు రచయిత గిల్డాస్ రాశాడు. 5, 6 శతాబ్దాల నాటి సమాధిరాళ్లు లాటిన్‌లో, కొన్ని ఐరిష్ ఓగమ్ లిపిలో, ఆ ప్రాంతమంతటా దొరికాయి. గిల్డాస్ తన కాలపు రాజులను ఒక్కొక్కరిని పేరు పెట్టి తిడతాడు. డేవిడ్ మఠం ఉన్న డవెడ్ రాజ్యాన్ని ఏలిన వోర్తిపోర్‌నూ వదలలేదు. అయితే ఆ తిట్లలో విగ్రహారాధన ఊసు రాదు. క్రైస్తవులమని చెప్పుకుంటూ హత్యలు, వ్యభిచారం, అబద్ధపు ప్రమాణాలు చేస్తున్నారన్నదే ఆయన ఆరోపణ. గురువులు డబ్బిచ్చి పదవులు కొంటున్నారని కూడా మండిపడ్డాడు.

అంటే డేవిడ్, ఆయన తరంవారైన టైలో, పాదర్న్, వారికి ముందరి ఇల్టిడ్, డవ్రిగ్ చేసిన పని మతమార్పిడి కంటే సంస్కరణకు దగ్గర. పేరుకు క్రైస్తవమైన సమాజం నడుమ కఠిన నియమంతో బతికే చిన్న చిన్న ఆవాసాలు ఏర్పరచడం వారి పద్ధతి. అలాంటి ఆవరణను వేల్స్ భాషలో ‘లాన్’ అంటారు. ఒక గట్టు లేదా కంచె, లోపల ప్రార్థనాలయం, శ్మశానం, మఠవాసుల గుడిసెలు, చుట్టూ సాగుభూమి. క్రమంగా వాటి చుట్టూ ఊళ్లు వెలిశాయి. వేల్స్ పటంలో ‘లాన్’తో మొదలయ్యే ఊళ్లు వందల సంఖ్యలో ఉండటానికి కారణం ఇదే.

ఇంతకీ డేవిడ్ అనే మనిషి నిజంగా ఉన్నాడా? ఉన్నాడనే చెప్పాలి. సాక్ష్యాలు కొద్దివే అయినా వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవి. సుమారు 800 ప్రాంతంలో ఐర్లండ్‌లో కూర్చిన పునీతుల పంచాంగంలో మార్చి 1 దగ్గర ఆయన పేరుంది. వేల్స్ వార్షిక వృత్తాంతాలు ఆయన మరణాన్ని 601 కింద చూపుతాయి. సంప్రదాయం 589 అంటుంది. సుమారు 893లో ఇంగ్లిష్ రాజు ఆల్ఫ్రెడ్ చరిత్ర రాసిన ఆసర్ ఈ మఠం నుంచి వెళ్లినవాడే. డవెడ్ రాజు హవైద్ డేవిడ్ మఠాన్నీ దాని భూములనూ పదేపదే కొల్లగొట్టాడని, ఆసర్‌కు బంధువైన నోబిస్‌ను వెళ్లగొట్టాడని ఆయన ఫిర్యాదు చేశాడు. ఆ నోబిస్‌ను ‘ఆర్చిబిషప్’, అంటే బిషప్పులకు పెద్ద, అని పిలిచాడు. ఈ మాట ముందు ముందు పనికొస్తుంది. 10వ శతాబ్దంలో వచ్చిన ఒక వేల్స్ జోస్య కావ్యం, ఇంగ్లిష్‌వారిని తరిమేసే రోజున సేనల ముందు డేవిడ్ ధ్వజం ఎగురుతుందని పాడింది. అప్పటికే ఆయన మఠం గోడలు దాటి జాతి నాయకుడయ్యాడు.

వీటన్నిటికంటే ఆసక్తికరమైనది ఒక రాయి. కెరెడిగియన్ ప్రాంతంలోని లాన్‌దెవీ బ్రెవీ అనే చిన్న ఊరి చర్చిలో ఉండేది. 17వ శతాబ్దం చివర్లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే పండితుడు దాని మీది లాటిన్ అక్షరాలను నకలు రాసుకున్నాడు. తర్వాత మరమ్మతులు చేసిన మేస్త్రీలు దాన్ని ముక్కలు చేసి గోడ రాళ్లలో కలిపి కట్టేశారు. ఇప్పుడు గోడలో కొన్ని అక్షరాలే కనిపిస్తాయి. లూయిడ్ నకలు లేకపోతే ఆ శాసనం పోయినట్టే. అందులో ఉన్న సంగతి ఇది: యాకోబు కొడుకు ఇద్నెర్ట్ ఇక్కడ పడుకొని ఉన్నాడు, పునీత డేవిడ్ ఆస్తిని దోచుకున్న సందర్భంలో చంపబడ్డాడు. పండితులు దీన్ని 7 నుంచి 9వ శతాబ్దాల మధ్య ఎక్కడో పెడతారు. డేవిడ్ గురించిన తొలి ఆధారాల్లో ఒకటైన ఈ రాయిలో అద్భుతమూ లేదు, బోధా లేదు. ఉన్నది ఆస్తి తగాదా, ఒక హత్య. మఠం అప్పటికే కాజేయాలనిపించేంత ఆస్తి గలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక ఆ పుస్తకం సంగతి. 11వ శతాబ్దం చివర్లో రిగివర్ఖ్ అనే పండితుడు లాటిన్‌లో డేవిడ్ జీవితచరిత్ర రాశాడు. ఆయన తండ్రి సులియెన్, డేవిడ్ మఠం ఉన్న సెయింట్ డేవిడ్స్‌కు రెండు విడతలుగా బిషప్‌గా పనిచేసినవాడు. కుటుంబం లన్‌బాదర్న్‌కు చెందినది. తరతరాలుగా చదువుకూ చేతిరాతకూ పేరుపడ్డ ఇల్లు. రాసిన కాలం ఎలాంటిదో చూస్తే కలం ఎందుకు పట్టాడో అర్థమవుతుంది. సముద్రపు దొంగలైన వైకింగులు 999లో బిషప్ మోర్గెనౌను, 1080లో బిషప్ అబ్రహాంను చంపేశారు. ఇంగ్లండ్‌ను జయించిన నార్మన్ రాజు విలియం 1081లో స్వయంగా సెయింట్ డేవిడ్స్‌కు వచ్చాడు. ప్రార్థన కోసమని వృత్తాంతకారుడు రాశాడు గాని, సైన్యంతో వచ్చినవాడు ప్రార్థన ఒక్కటే చేసుకుని పోతాడా! 1089లో డేవిడ్ అవశేషాల పేటికను దొంగలు ఎత్తుకుపోయి దాని మీది వెండి బంగారాలు ఒలుచుకున్నారు. 1093లో దక్షిణ వేల్స్ రాజు రీస్ అప్ ట్యూడర్ నార్మన్ల చేతిలో హతుడవగానే డవెడ్ వారి పాలైంది. రిగివర్ఖ్ ఆ విపత్తు మీద లాటిన్‌లో ఒక శోకగీతం కూడా రాశాడు.

నార్మన్లు వెంట తెచ్చినది కత్తి మాత్రమే కాదు, ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అధికారం కూడా. వేల్స్ బిషప్పులంతా తనకు లోబడి ఉండాలన్నది కాంటర్‌బరీ వాదన. దానికి ఆధారం, 597లో పోప్ గ్రెగరీ పంపగా ఆగస్టీన్ కెంట్ తీరంలో దిగి ఆ పీఠాన్ని నెలకొల్పడం. ఈ వాదనకు జవాబుగా రిగివర్ఖ్ చేసిన పని మన ఆలయాల స్థలపురాణం రాసినవారు చేసే పనే. క్షేత్రం ప్రాచీనతను నిరూపించాలి, పొరుగు క్షేత్రాల దేవతలు కూడా ఇక్కడికొచ్చి మొక్కినట్టు చూపాలి, రాజులు ఇచ్చిన హక్కులకు దైవసాక్ష్యం తేవాలి. స్థలపురాణాన్ని అబద్ధమని తోసిపుచ్చడమూ, చరిత్రగా నమ్మేయడమూ రెండూ తేలిక పనులే. రాసినవాడి కాలానికి అది నమ్మకమైన సాక్షి; కథానాయకుడి కాలానికి కాదు.

ఈ దృష్టితో కథలు వరుసగా చదవండి. డేవిడ్ పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు పాట్రిక్ ఆ లోయలో స్థిరపడాలని వస్తాడు. దేవదూత అడ్డుపడి, ఈ చోటు ఇంకా పుట్టని ఒకరికి కేటాయించి ఉంది, నీకు ఐర్లండ్ ఇస్తున్నాం పో అంటాడు. ఐర్లండ్ అపొస్తలుడు డేవిడ్ కోసం చోటు ఖాళీ చేశాడన్నమాట. తర్వాత నాన్ అనే కన్య గర్భవతిగా చర్చికి వస్తుంది. కెరెడిగియన్ రాజు ఆమెను బలాత్కరించాడని రిగివర్ఖ్ దాచకుండా రాశాడు. ఆమె లోపల ఉన్నంతసేపూ బోధకుడు గిల్డాస్ నోట మాట రాదు. పుట్టబోయే బిడ్డ తనకంటే గొప్పవాడని ఆయనకు తెలిసివస్తుంది. బ్రిటన్ మొత్తంలో ఆ కాలపు రచయితగా పేరున్న ఏకైక మనిషిని ఇలా గర్భస్థ శిశువు ముందు మూగవాణ్ణి చేశారు. వేల్స్‌కు దీటైన అధికారం ఎవరెవరికి ఉండవచ్చో వారందరినీ డేవిడ్ పుట్టకముందే పక్కకు తప్పించడం పూర్తయింది.

అన్నిటికంటే తెలివైన ఎత్తు జెరూసలేం యాత్ర. డేవిడ్, టైలో, పాదర్న్ ముగ్గురూ అక్కడికి వెళ్తారు. అక్కడి చర్చి అధిపతి అయిన జెరూసలేం పేట్రియార్క్ డేవిడ్‌ను ఆర్చిబిషప్‌గా అభిషేకిస్తాడు. రోమ్ ఎందుకు కాదు? రోమ్ నుంచి వచ్చిన అధికారమైతే అదే రోమ్ నుంచి ఆగస్టీన్‌కు వచ్చిన అధికారంతో తూకం వేయాల్సి వస్తుంది. ఆ తూకంలో పోప్ మాటే చెల్లుతుంది. క్రీస్తు నడిచిన ఊరి నుంచే నేరుగా పట్టాభిషేకం జరిగిందంటే కాంటర్‌బరీ నోరెత్తడానికి లేదు, రోమ్‌కు కూడా మాట తడబడుతుంది. పైగా ఆగస్టీన్ రాకకు ముందే పని పూర్తయినట్టు. నోబిస్‌ను ఆసర్ ఆర్చిబిషప్ అన్నాడు కాబట్టి ఈ గౌరవం రిగివర్ఖ్ సొంతంగా పుట్టించింది కాదు. కాకపోతే పాత వాడుకను పదునైన వాదనగా మలిచినవాడు ఆయనే.

చివరి మెట్టు బ్రెవీ మహాసభ. డేవిడ్ అద్భుతాల్లో అందరికీ తెలిసినది ఇదే. పెలేజియన్ బోధ మళ్లీ తలెత్తిందని బిషప్పులంతా సమావేశమవుతారు. మనిషి దైవకృప తోడు లేకుండానే తన సంకల్పబలంతో మంచిని ఎంచుకోగలడన్నది పెలేజియస్ వాదం. ఆయన పుట్టుకతో బ్రిటన్‌వాడే. జనం ఎక్కువై ఎవరి మాటా ఎవరికీ వినపడదు. డేవిడ్ మాట్లాడటం మొదలుపెట్టగానే కాళ్ల కింది నేల గుట్టగా పైకి లేస్తుంది, తెల్ల పావురం భుజం మీద వాలుతుంది, చివరి వరుసలోనివారికీ ఆయన గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. కొండలకు కొదవలేని వేల్స్‌లో ఇంకో గుట్ట అవసరమా అని అక్కడివారే నవ్వుకుంటారు. గమనించాల్సినది ఆ తర్వాతి వాక్యం: సభలోని బిషప్పులు, రాజులు, ప్రజలు ఏకగ్రీవంగా ఆయన్ను బ్రిటన్ మొత్తానికీ ఆర్చిబిషప్‌గా ఒప్పుకున్నారట. పెలేజియస్ వాదాన్ని ఖండించడానికి గాల్ (నేటి ఫ్రాన్స్) నుంచి బిషప్ జెర్మానస్ బ్రిటన్‌కు వచ్చింది 429లో. వందేళ్లు దాటాక అదే వివాదం కోసం అంత పెద్ద సభ జరిగి ఉంటుందా అన్నది అనుమానమే. బ్రెవీలో ఏదో సభ జరిగి ఉండవచ్చు. పాపాలకు ప్రాయశ్చిత్తాలు నిర్ణయించడం అప్పటి సభలకు మామూలు పని. దానికి పట్టాభిషేకం హోదా తర్వాత వచ్చింది.

పొరుగు పీఠాలు ఊరుకోలేదు. ఆగ్నేయాన లాండాఫ్ బిషప్ అర్బన్ తన పీఠానికి డవ్రిగ్, టైలోలను మూలపురుషులుగా నిలబెట్టాడు. 1120లో ఎన్లీ దీవి నుంచి డవ్రిగ్ అస్థికలను ఊరేగింపుగా తెప్పించాడు. ఆ పీఠం సంకలనం చేసిన గ్రంథంలోనూ జెరూసలేం యాత్ర ఉంది. కాకపోతే అక్కడ కథ టైలోది: వేసి ఉంచిన మూడు ఆసనాల్లో రెండు లోహపువి, ఒకటి సాదా దేవదారు పీట. వినయంగా పీటను ఎంచుకున్న టైలోకే, అది క్రీస్తు కూర్చున్న ఆసనమన్న సంగతి తెలుస్తుంది. పాదర్న్ అనుచరుల కథనంలో బహుమతులు పాదర్న్‌కు దక్కుతాయి. యాత్ర ఒక్కటే, ఫలితం రాసేవారి పీఠాన్ని బట్టి మారిపోయింది.

ఇంత చెప్పాక రిగివర్ఖ్ పుస్తకం మొత్తాన్ని కల్పన కింద కొట్టేయాలనిపిస్తుంది. అది తొందరపాటు. మఠం నియమాలు వివరించిన భాగం దగ్గర ఆ పుస్తకం స్వరమే మారుతుంది. ఆర్చిబిషప్ గొడవ ఊసే లేదు. పొలం దున్నేటప్పుడు ఎడ్లు ఉండవు, మఠవాసులే కాడి భుజాన వేసుకుని లాగుతారు. రొట్టె, ఉప్పు చల్లిన ఆకుకూరలు, నీళ్లు. వృద్ధులకు, రోగులకు, దూరం నుంచి అలసి వచ్చినవారికి మాత్రం మెరుగైన తిండి. ‘నా పుస్తకం’ అని ఎవరైనా నోరుజారితే ప్రాయశ్చిత్తం. చేరదలచినవాడు పది రోజులు వాకిట్లో నిలబడి తిట్లు భరించాలి. ఓడ మునిగి ఒడ్డుకు చేరినవాడిలా ఒట్టి చేతులతో లోపలికి రావాలి. మఠం అతని దగ్గర చిల్లిగవ్వ కూడా పుచ్చుకోదు. అన్నిటికంటే ముచ్చటైన వివరం చేతిరాతగాళ్లది. ప్రార్థన గంట వినిపిస్తే రాస్తున్న అక్షరం సగంలో ఉన్నా సరే, ఆ గీత అలాగే వదిలేసి లేవాలి. పుస్తకాలు రాసే ఇంట్లో పుట్టిన రిగివర్ఖ్‌కు ఆ సగం అక్షరం ఎంత బాధాకరమో బాగా తెలుసు.

ఈ జీవితం 6వ శతాబ్దపుదే అనడానికి అనుకోని సాక్షి గిల్డాస్. ఆయనవిగా చెప్పే కొన్ని లేఖల ముక్కలు మిగిలాయి. వాటిలో ఒకచోట అతి నిష్ఠాపరులను ఎత్తిపొడుస్తాడు: రొట్టెను కొలిచి తింటారు, దాని గురించి గొప్పలు మాత్రం కొలత లేకుండా చెప్పుకుంటారు, నీళ్లే తాగుతారు, దాంతోపాటు ద్వేషమూ తాగుతారు, తామే నాగళ్లు లాగుతూ గర్విస్తారు. డేవిడ్ పేరు అక్కడ లేదు. కానీ నీళ్లు, కొలిచిన రొట్టె, ఎడ్లు లేని నాగలి మూడూ ఒకేచోట కలిశాయి. పొగడటానికి రాసిన పుస్తకంలోని వివరాలకు ఇలా తెగడటానికి రాసిన ఉత్తరం నుంచి బలం చేకూరింది. ‘నీళ్ల మనిషి’ అని డేవిడ్‌కు వేల్స్‌లో ఉన్న బిరుదు కూడా ఈ నిష్ఠ నుంచి వచ్చిందే. గర్భంలో ఉన్నప్పుడే గిల్డాస్ నోరు మూయించినట్టు కథ రాయడంలో ఈ పాత కసి ఏమైనా ఉందేమో!

డేవిడ్ ప్రభావం ఎంతవరకు పాకిందో చూడటానికి ఆయన పేరిట ఉన్న పాత చర్చిలను పటం మీద గుర్తించే ప్రయత్నాలు 20వ శతాబ్దంలో జరిగాయి. యాభైకి పైగా చర్చిలు, అన్నీ దక్షిణాన, నైరుతిన. వాయవ్యంలోని గ్వినెద్‌లో పాతవి లేవు. అక్కడ బ్యూనో, డైన్యోల్, కుబీ వంటివారి పేర్లు వినిపిస్తాయి. చర్చి ఉన్నచోటల్లా ఆయన కాలు పెట్టాడని మొదట అనుకున్నారు. పునీతుడి పేరు ఆయన శిష్యులతో, మఠం భూములతో, తర్వాతి బిషప్పుల పలుకుబడితో పాటు వ్యాపిస్తుంది కాబట్టి ఆ పటం చూపేది డేవిడ్ పీఠం ఎదుగుదలనని ఇప్పుడు ఎక్కువమంది అభిప్రాయం. ఐర్లండ్‌తో సంబంధం మాత్రం గట్టిది. నేటి పటంలో సెయింట్ డేవిడ్స్ ఒక మారుమూల కొస. రోడ్లకంటే పడవలు నమ్మదగినవైన కాలంలో అది దారి కూడలి. ఎదుటి ఐర్లండ్ తీరం వంద కిలోమీటర్ల లోపే. ఫెర్న్స్ మఠాన్ని స్థాపించిన ఐడన్ వంటివారు డేవిడ్ దగ్గర నేర్చుకున్నవారని ఐరిష్ సంప్రదాయమే ఒప్పుకుంటుంది.

డేవిడ్ అనగానే వేల్స్‌లో అందరూ చెప్పే మాట ఒకటుంది: చిన్న చిన్న పనులు చేయండి. మరణానికి ముందు ఆయన చివరి ప్రసంగంలోనిదని ప్రతీతి. సంతోషంగా ఉండండి, మీ విశ్వాసం నిలుపుకోండి, నా దగ్గర మీరు విన్న, చూసిన చిన్న చిన్న పనులు చేయండి అని ఆ ప్రసంగం సాగుతుంది. రిగివర్ఖ్ లాటిన్‌లో ఇది లేదు. అక్కడ డేవిడ్, నా దగ్గర నేర్చుకున్న వాటిలో నిలకడగా ఉండండి అని మాత్రమే అంటాడు. సంతోషమూ చిన్న పనులూ 1346లో లాన్‌దెవీ బ్రెవీకి చెందిన ఒక ఏకాంతవాసి నకలు రాసిన వేల్స్ భాషా కథనంలో కనిపిస్తాయి. డేవిడ్ మరణానికీ దానికీ మధ్య ఏడు వందల ఏళ్లకు పైనే దూరం. దేశభాషలో, మామూలు జనం కోసం తిరగరాసినప్పుడు ఆర్చిబిషప్ వెనక్కి తగ్గి ఆత్మీయుడైన పెద్దాయన ముందుకొచ్చాడు. జనం గుర్తుపెట్టుకున్నది ఆయన్నే.

పీఠం పోరు మాత్రం ఆగలేదు. తొలి నార్మన్ బిషప్ బెర్నార్డ్ కూడా కొన్నాళ్లకు స్థానికుల వాదననే తలకెత్తుకుని రోమ్‌తో వాదించి ఓడాడు. పోప్ రెండవ కలిక్స్టస్ కాలం నుంచి, సెయింట్ డేవిడ్స్‌కు రెండు యాత్రలు రోమ్‌కు ఒక యాత్రతో సమానమన్న ప్రతీతి మాత్రం దక్కింది. 1198 నుంచి 1203 వరకు మతగురువు, రచయిత జెరాల్డ్ ఆఫ్ వేల్స్ బిషప్‌గా ఎన్నికై, అభిషేకం కాకుండానే, ఇదే హక్కు కోసం పదేపదే రోమ్‌కు తిరిగి చివరికి వదులుకున్నాడు. ఆయన కూడా డేవిడ్ జీవితం ఒకటి తిరగరాశాడంటే ఆ పుస్తకం ఎందుకు పనికొచ్చేదో వేరే చెప్పనక్కర్లేదు.

1538లో సంస్కరణవాది బిషప్ విలియం బార్లో పీఠంలోని పునీత అవశేషాలను స్వాధీనం చేసుకుని, ఇంగ్లండ్ రాజు ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కు జాబితా రాశాడు: వెండి తొడుగుల్లో కుళ్లిన పుర్రెలు, చేతి ఎముకలు, వెండి అట్ట వేసిన ఒక పురుగులు తిన్న పుస్తకం. ఆ పుస్తకం ఏమిటో బార్లోకు ఆసక్తి లేకపోయింది. 1866లో కెథెడ్రల్ మరమ్మతుల్లో దొరికిన ఎముకలు డేవిడ్‌వే కావచ్చని చాలాకాలం ఆశపడ్డారు. 1990ల్లో కార్బన్ పరీక్షలు అవి ఆయన కాలానికి కొన్ని వందల ఏళ్ల తర్వాతివని తేల్చాయి.

రిగివర్ఖ్ కోరిన స్వాతంత్ర్యం 1920లో వచ్చింది. పార్లమెంటు చట్టంతో వేల్స్ చర్చి కాంటర్‌బరీ నుంచి విడిపోయి సొంత ఆర్చిబిషప్‌ను ఎన్నుకుంది. ఆ పదవి ఏ ఒక్క పీఠానికీ శాశ్వతంగా చెందదని, బిషప్పుల్లోంచి ఎవరినైనా ఎన్నుకోవచ్చని నియమం పెట్టుకున్నారు. మొదట ఎన్నికైన ఎ.జి. ఎడ్వర్డ్స్ ఉత్తరాన ఉన్న సెయింట్ అసాఫ్ బిషప్.